చిన్న వ్యాపారాల్లో ఉద్యోగుల నియామకం (ఆంధ్రప్రదేశ్, తెలంగాణ)

కొత్తగా మొదలైన వ్యాపారానికి, లేదా కొద్దిమందితో నడిచే వ్యాపారానికి కావలసిన మనుషులను వెదకడం, ఎంచుకోవడం, షరతులు మాట్లాడుకుని పనిలో పెట్టుకోవడం, వారు పనిలో కుదురుకునేదాకా చూసుకోవడం చిన్న వ్యాపారాల నియామకం కిందికి వస్తాయి. పెద్ద సంస్థల్లో దీనికి మానవ వనరుల విభాగం ఉంటుంది. చిన్న వ్యాపారంలో ఆ విభాగం యజమానే. సరుకు దింపించుకుంటూ, గల్లా చూసుకుంటూ, మధ్యలో వచ్చిన మనిషితో నాలుగు మాటలు మాట్లాడి రేపట్నుంచి రమ్మని చెప్పడమే చాలాచోట్ల నియామక ప్రక్రియ. రెండు తెలుగు రాష్ట్రాల్లోని దుకాణాలు, టిఫిన్ సెంటర్లు, వర్క్‌షాపులు, చిన్న పరిశ్రమలు, సేవా సంస్థల్లో ఇది జరిగే తీరును, దానికి వర్తించే చట్టాలను ఈ వ్యాసం వివరిస్తుంది.

పరిధి

సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల అభివృద్ధి చట్టం (2006) సంస్థలను పెట్టుబడి, టర్నోవరులను బట్టి విభజిస్తుంది. ఉద్యోగుల సంఖ్యను బట్టి కాదు. 2025 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన పరిమితుల ప్రకారం యంత్రాలు, పరికరాల మీద 2.5 కోట్ల రూపాయల లోపు పెట్టుబడి, 10 కోట్ల లోపు టర్నోవరు ఉన్నది సూక్ష్మ సంస్థ. 25 కోట్ల పెట్టుబడి, 100 కోట్ల టర్నోవరు దాకా చిన్న సంస్థ. నమోదు 2020 జులై 1న మొదలైన ఉద్యమ్ పోర్టల్‌లో జరుగుతుంది.

కార్మిక చట్టాలు మాత్రం తలలు లెక్కపెడతాయి. పదిమంది, ఇరవైమంది అనే రెండు అంకెల దగ్గర యజమాని బాధ్యతలు ఒక్కసారిగా మారతాయి (చూడండి: చట్టపరమైన బాధ్యతలు). అందువల్ల నియామకం దృష్టితో చూస్తే పెట్టుబడి లెక్క కన్నా తలల లెక్కే అసలైన కొలత.

2013లో జరిగిన ఆరో ఆర్థిక గణన దేశంలో దాదాపు 5.85 కోట్ల సంస్థలను, వాటిలో పనిచేసే సుమారు 13.1 కోట్ల మందిని లెక్కించింది. సగటున సంస్థకు ఇద్దరికి కాస్త పైన. 70 శాతానికి పైగా సంస్థల్లో జీతానికి పెట్టుకున్న మనిషి ఒక్కరూ లేరు, ఇంటివాళ్ళే నడుపుకుంటున్నారు. మొదటి ఉద్యోగిని పెట్టుకోవడం అనే మెట్టు ఎక్కని వ్యాపారాలే దేశంలో ఎక్కువన్నమాట.

చరిత్ర

పాతకాలపు వర్తకంలో నియామకం బంధుత్వం, కులం, ఊరు అనే మూడు దారుల్లోనే సాగేది. కిరాణా, బట్టలు, బంగారం, కమిషన్ వ్యాపారాల్లో గుమాస్తా కీలకమైన మనిషి. చిన్న వయసులోనే కొట్లో చేరి, ఊడ్వడం, పొట్లాలు కట్టడంతో మొదలుపెట్టి, చిట్టా, ఆవర్జా రాయడం నేర్చుకుని, చివరికి బాకీల వసూలు దాకా ఎదిగేవారు. జీతంతోపాటు భోజనం, పండక్కి బట్టలు, ఇంట్లో పెళ్ళయితే చేబదులు ఇచ్చే పద్ధతి ఉండేది. అలా తర్ఫీదయిన గుమాస్తాలు తర్వాత సొంత కొట్టు పెట్టుకోవడం మామూలు విషయం. కొందరు షావుకార్లు సరుకు అరువిచ్చి పెట్టించేవారు కూడా.

నిర్మాణం, తాపీ, వడ్రంగం, బట్టల కుట్టుపనుల్లో మేస్త్రీ వ్యవస్థ నడిచింది. యజమాని మాట్లాడుకునేది మేస్త్రీతోనే. మనుషులను తెచ్చేది, పని పంచేది, కూలి పంచేది మేస్త్రీ. పాలమూరు ప్రాంతం నుంచి దేశమంతటా పనులకు వెళ్ళిన కూలీలు గుంపు మేస్త్రీల ద్వారా వెళ్ళినవారే. ముందే అడ్వాన్సిచ్చి మనిషిని కట్టిపడేసే అలవాటు ఈ వ్యవస్థలో బలంగా ఉండేది. 1976 నాటి వెట్టిచాకిరి నిర్మూలన చట్టం బాకీ చూపించి మనిషిని పనిలో నిర్బంధంగా ఉంచుకోవడాన్ని నేరం చేసింది.

దుకాణాల్లో పనివేళలు, వారపు సెలవులకు చట్టం స్వాతంత్ర్యం వచ్చిన కాలంలోనే వచ్చింది. ఆంధ్ర ప్రాంతానికి 1947 నాటి మద్రాసు చట్టం, తెలంగాణకు 1951 నాటి హైదరాబాదు చట్టం వర్తించేవి. రెంటి స్థానంలో 1966లో ఆంధ్రప్రదేశ్ దుకాణాలు, సంస్థల చట్టం వచ్చింది. దాన్ని 1988లో తిరగరాశారు. రాష్ట్ర విభజన తర్వాత రెండు రాష్ట్రాలూ అదే చట్టాన్ని తమతమ సవరణలతో కొనసాగిస్తున్నాయి.

చిన్న పరిశ్రమల శిక్షణలో తెలుగునేలకు ప్రత్యేక స్థానం ఉంది. 1960లో ఢిల్లీలో మొదలైన చిన్న పరిశ్రమల శిక్షణ సంస్థ 1962లో హైదరాబాదుకు తరలివచ్చింది. నేడు యూసుఫ్‌గూడలో ఉన్న జాతీయ ఎం.ఎస్.ఎం.ఇ. సంస్థ అదే. అమెరికన్ మనస్తత్వవేత్త డేవిడ్ మెక్‌క్లెలండ్ ఆ సంస్థతో కలిసి 1960ల మధ్యలో కాకినాడ వ్యాపారులకు శిక్షణ తరగతులు నిర్వహించారు. సాధించాలనే తపనను శిక్షణతో పెంచవచ్చా అన్నది ఆయన పరీక్షించిన విషయం. తరగతులకు వచ్చినవారు తర్వాత కొత్త పెట్టుబడులు పెట్టారా, కొత్తగా ఎందరికి పని ఇచ్చారు అన్నవి ఫలితాన్ని కొలిచే లెక్కల్లో ఉన్నాయి. డేవిడ్ వింటర్‌తో కలిసి ఆయన 1969లో ప్రచురించిన గ్రంథం వల్ల కాకినాడ పేరు వ్యాపార మనస్తత్వశాస్త్ర పాఠాల్లోకి ఎక్కింది. ఆ పరిశోధన దృష్టంతా యజమాని మీదే. పనివారిని ఎలా ఎంచుకోవాలన్నది దాని పరిధిలోకి రాలేదు.

విజయవాడ ఆటోనగర్, హైదరాబాదులోని సనత్‌నగర్, బాలానగర్, జీడిమెట్ల వంటి పారిశ్రామిక వాడలు పెరిగాక నియామకానికి ఐటీఐ, పాలిటెక్నిక్ చదువులు తోడయ్యాయి. 1968లో బాలానగర్‌లో వెలిసిన కేంద్రీయ టూల్ డిజైన్ సంస్థ చుట్టుపక్కల వర్క్‌షాపులకు నైపుణ్యం గల పనివారిని అందించింది. ఆటోనగర్‌లో మాత్రం లారీ బాడీ కట్టడం, ఇంజను పని ఇప్పటికీ చాలామటుకు చేతికింద ఉండి నేర్చుకునే విద్యలే. రాష్ట్ర విభజన తర్వాత నైపుణ్య శిక్షణ కోసం తెలంగాణలో టాస్క్, ఆంధ్రప్రదేశ్‌లో రాష్ట్ర నైపుణ్యాభివృద్ధి సంస్థ ఏర్పడ్డాయి. హైదరాబాదులో 2015లో అంకుర సంస్థల కోసం టి-హబ్, 2018లో మహిళా పారిశ్రామికవేత్తల కోసం వి-హబ్ వచ్చాయి.

పనివారు దొరికే దారులు

తెలిసినవారి సిఫారసు. చిన్న వ్యాపారాల్లో నేటికీ ప్రధానమైన దారి ఇదే. ఉన్న పనివారే తమ ఊరివాళ్ళను తెస్తారు. దీనివల్ల యజమానికి ఖర్చు లేదు, మనిషికి పూచీ ఉంటుంది, తేడా వస్తే అడగడానికి ఒక మధ్యవర్తి ఉంటారు. ఇబ్బందులూ అక్కడే ఉన్నాయి. సిఫారసు మనిషి నడవడికకు పూచీ పడుతుంది గానీ పనితనానికి కాదు. చెప్పినవారి మొహం చూసి పెట్టుకున్న మనిషిని మాన్పించడం కష్టం. ఒకే ఊరివారు నలుగురు ఉన్నచోట ఊళ్ళో జాతర వస్తే నలుగురూ ఒకేసారి సెలవు పెడతారు. ఒకరికి కోపం వచ్చి వెళ్తే మిగతావారూ వెంట వెళ్ళే ప్రమాదం ఉంది.

సామాజికవేత్త మార్క్ గ్రానోవెటర్ అమెరికాలోని న్యూటన్ పట్టణంలో చేసిన పరిశీలన (1974) ఇక్కడ పనికొస్తుంది. పరిచయస్తుల ద్వారా ఉద్యోగం దొరికినవారిలో ఎక్కువమందికి సమాచారం ఇచ్చింది దగ్గరివారు కాదు, అప్పుడప్పుడు కలిసే ముఖపరిచయం ఉన్నవారు. దగ్గరివాళ్ళకు తెలిసింది మనకూ తెలిసే ఉంటుంది కాబట్టి కొత్త కబురు బయటి వలయం నుంచే వస్తుందని ఆయన వివరణ. యజమాని వైపు నుంచి చూస్తే, సరుకు సప్లై చేసే ఏజెంటు, పక్క బజారు కొట్టువాళ్ళు, పాత ఖాతాదారు వంటివారిని అడిగితే బంధువుల్లో దొరకని మనిషి దొరకవచ్చు.

అడ్డా. పట్టణాల్లో తెల్లవారుజామున కూలీలు నిలబడే కూడళ్ళను లేబర్ అడ్డాలంటారు. రోజు పనికి, సరుకు ఎత్తిదింపడానికి, రంగులు, తాపీ పనులకు ఇక్కడి నుంచి పిలుచుకుంటారు. నాలుగైదు రోజులు రోజుకూలికి పనిచేసిన మనిషి నచ్చితే నెలజీతానికి పెట్టుకోవడం ఉంది.

వలస కార్మికులు. హైదరాబాదు హోటళ్ళు, బేకరీలు, ఫర్నిచర్ తయారీలో బీహార్, ఒడిశా, ఉత్తరప్రదేశ్, పశ్చిమబెంగాల్ నుంచి వచ్చినవారు పెద్దసంఖ్యలో ఉన్నారు. వీరి విషయంలో బస చూపించడం కూడా జీతంలో భాగంగానే నడుస్తుంది.

బోర్డు, ప్రకటన, ఆన్‌లైన్. "పనివారు కావలెను" అన్న కాగితం షట్టరు మీద అంటించడం, స్థానిక కేబుల్ టీవీలో స్క్రోలింగ్, జిల్లా పత్రికలో క్లాసిఫైడ్, వాట్సాప్ గ్రూపులు, ఉద్యోగ యాప్‌లు ఈ కోవలోవి. ప్రభుత్వపరంగా 2015లో మొదలైన నేషనల్ కెరీర్ సర్వీస్ పోర్టల్‌లో యజమానులు ఉచితంగా ఖాళీలు పెట్టుకోవచ్చు.

అప్రెంటిస్‌లు. 1961 అప్రెంటిస్‌ల చట్టం ప్రకారం 30 మంది, అంతకు మించి ఉన్న సంస్థలు తమ బలంలో 2.5 నుంచి 15 శాతం దాకా అప్రెంటిస్‌లను తీసుకోవాలి. 4 నుంచి 29 మంది ఉన్న సంస్థలకు అది ఐచ్ఛికం. 2016లో మొదలైన జాతీయ అప్రెంటిస్‌షిప్ ప్రోత్సాహక పథకం స్టైపెండులో 25 శాతాన్ని, నెలకు 1,500 రూపాయల పరిమితితో, కేంద్రం భరించేలా రూపొందింది. ఐటీఐ పూర్తిచేసిన యువకుణ్ణి ఏడాదిపాటు పక్కన పెట్టుకుని చూసే వీలు ఇందులో ఉన్నా, చిన్న యజమానుల్లో ఈ దారి ఎంచుకునేవారు తక్కువ. పోర్టల్, ఒప్పందం, హాజరు లెక్కలు చూడటానికి విడిగా మనిషి లేకపోవడం ఒక కారణం.

మొదటి నియామకాలు

వ్యాపారం పెట్టినప్పుడు మొదట ఎవరిని పెట్టుకోవాలన్నదానికి ఒకే సూత్రం లేదు. ఆచరణలో రెండు ధోరణులు కనిపిస్తాయి. యజమానికి చేతకాని పనికి నైపుణ్యం గల మనిషిని పెట్టుకోవడం ఒకటి: వంట రానివారు టిఫిన్ సెంటర్ పెడితే ముందు మాస్టర్ కావాలి. యజమానికి చేతనైనా సమయం తినేసే పనికి సహాయకుణ్ణి పెట్టుకోవడం రెండోది: తానే దర్జీ అయిన వ్యక్తి గుండీలు, హెమ్మింగ్, ఇస్త్రీకి మనిషిని చూసుకుంటారు. మొదటి ధోరణిలో వ్యాపారం ఆ ఉద్యోగి మీద ఆధారపడిపోతుంది. మాస్టర్ రాని రోజు షట్టరు దించుకోవలసిందే. అందుకే అనుభవమున్న హోటల్ యజమానులు ఇద్దరు మాస్టర్లను పెట్టుకుంటారు, లేదా ఇంట్లో ఒకరు పని నేర్చుకునేదాకా రెండో బ్రాంచి జోలికి పోరు.

ఐదుగురున్న కొట్లో ఒకరు సరిగా లేకపోతే ఐదోవంతు పని దెబ్బతింటుంది. నష్టం అక్కడితో ఆగదు. ఖాతాదారుకు ఆ ఒక్కరే వ్యాపారం మొహంగా కనబడవచ్చు.

కొన్ని ఉద్యోగాలకు అర్హతను చట్టమే నిర్ణయిస్తుంది. మందుల దుకాణంలో మందులు ఇవ్వవలసింది 1948 ఫార్మసీ చట్టం కింద నమోదైన ఫార్మసిస్టు. సర్టిఫికెట్ ఒకరిది గోడకు వేలాడదీసి, కౌంటర్లో ఇంకొకరు మందులివ్వడం ఉల్లంఘన. హెచ్1 షెడ్యూలు మందులకు 2014 నుంచి విడిగా రిజిస్టరు రాసి మూడేళ్ళు భద్రపరచాలి కాబట్టి కౌంటర్ మీది మనిషికి మందు పేర్లు చదవడమే కాదు, రాసిపెట్టే ఓపికా ఉండాలి. ఆహార వ్యాపారాల్లో ఆహారాన్ని ముట్టుకునే ప్రతి ఉద్యోగికి ఏడాదికోసారి వైద్యపరీక్ష చేయించాలని 2011 ఆహార భద్రత నిబంధనలు చెబుతున్నాయి. డెలివరీ వాహనం నడిపేవారికి తగిన లైసెన్సు, బండికి బీమా ఉన్నాయో లేదో చూడటం యజమాని పని. ప్రమాదం జరిగినప్పుడు పరిహారం బాధ్యత ఆయన మీదికే వస్తుంది.

ఎంపిక పద్ధతులు

ముఖాముఖి

చిన్న వ్యాపారాల్లో ముఖాముఖి అంటే ఊరు, కులం, ఇంతకుముందు చేసిన చోటు, మానేసిన కారణం, అడుగుతున్న జీతం. వీటిలో పనికి సంబంధించిన ప్రశ్న ఉంటే ఒకటి, లేకపోతే లేదు. ఎంపిక పద్ధతుల మీద జరిగిన పరిశోధనలు ఇలాంటి పిచ్చాపాటీ ముఖాముఖిని బలహీనమైన సాధనాల్లో ఒకటిగా తేల్చాయి. ఫ్రాంక్ ష్మిట్, జాన్ హంటర్ 1998లో ఎన్నో అధ్యయనాలను కలిపి లెక్కగట్టారు. పాల్ సాకెట్ బృందం 2022లో ఆ లెక్కలను సవరించింది. ఎంపిక సమయంలో వచ్చిన మార్కుకు, తర్వాత కనిపించిన పనితనానికి మధ్య సంబంధాన్ని సున్నా నుంచి ఒకటి దాకా కొలిస్తే, అందరినీ ఒకే ప్రశ్నలు ఒకే వరసలో అడిగి మార్కులు వేసే ముఖాముఖికి 0.42 వచ్చింది. పనికి సంబంధించిన పరిజ్ఞాన పరీక్షకు 0.40, పని చేయించి చూడటానికి 0.33. తోచినట్టు అడిగే ముఖాముఖికి 0.19. ఎన్నేళ్ళ అనుభవం అన్నదానికి 0.07 మాత్రమే. "పదేళ్ళ సర్వీసు" అన్న మాటకు బజారులో ఉన్న విలువకు ఈ చివరి అంకె బొత్తిగా పొసగదు. ఈ అధ్యయనాల్లో ఎక్కువ భాగం పాశ్చాత్య దేశాల పెద్ద సంస్థలవి కాబట్టి అంకెలను యథాతథంగా ఇక్కడికి తెచ్చుకోలేం. వరస మాత్రం ఆలోచింపజేసేదే.

పని చేయించి చూడటం

తెలుగునాట చేతిపనుల్లో ఈ పద్ధతి ఏ పరిశోధనా రాకముందే ఉంది. వెల్డరుకు రెండు ముక్కలిచ్చి అతకమంటారు. దర్జీకి పాత జాకెట్టిచ్చి కొలతలు తీయమంటారు. కారు మెకానిక్కును బండి స్టార్టు చేసి శబ్దం విని చెప్పమంటారు.

టిఫిన్ సెంటర్లో దోశ మాస్టర్ ఎంపికను ఉదాహరణగా చూడవచ్చు. జీతం మాట్లాడకముందే ఉదయం ఐదింటికల్లా రమ్మంటారు. సమయానికి వచ్చారా లేదా అన్నది మొదటి పరీక్ష. పెనం వేడెక్కాక నీళ్ళు చల్లి, ఆ చుక్కలు ఆవిరయ్యే తీరును బట్టి మంట సర్దుకుంటున్నారా, ఉల్లిపాయ ముక్కతో పెనం రుద్దుతున్నారా అని యజమాని గమనిస్తారు. ముందురోజు పిండి పులుపు రుచి చూసి ఎంత కొత్త పిండి కలపాలో అడగకుండా తేల్చుకునేవారు చేయి తిరిగినవారు. గరిటె పిండితో పెనం అంతా పరచడం, నూనె చుట్టూ తిప్పడం ఎవరైనా నేర్చుకుంటారు. ఎనిమిదిన్నరకు టోకెన్లు వరసగా పడుతున్నప్పుడు ఏది ముందు ఏది వెనక అన్నది తలలో పెట్టుకుని, ఒక్కటీ మాడకుండా తీయడం వేరే విద్య. పది గంటలకు రద్దీ తగ్గాక పెనం, బల్ల, గరిటెలు తుడిచి పెడతారా, అలాగే వదిలి టీకి వెళ్తారా అన్నది చివరగా చూసేది. నూనె డబ్బాలో ఎంత మిగిలిందో యజమాని ఓ కంట చూస్తూనే ఉంటారు. ఈ రోజు పనికి కూలి ఇవ్వడం మర్యాదే కాదు, చట్టప్రకారం పని చేయించుకుంటే వేతనం ఇవ్వవలసిందే. దుకాణాలు, ఆఫీసుల్లో ఉచితంగా "ట్రయల్" పేరిట వారాలు చేయించుకునే అలవాటుకు చట్టంలో చోటు లేదు.

లెక్కలు చూసే ఉద్యోగానికి పది బిల్లులిచ్చి జీఎస్టీతో కలిపి నమోదు చేయమనడం, అమ్మకాల ఉద్యోగానికి యజమానే ఖాతాదారుగా మారి బేరమాడటం ఇలాంటి పరీక్షలే.

వాకబు

వెనకటి యజమానిని అడగడం అందరూ చేసే పనే. ఆ జవాబును ఎలా చదవాలన్నదే చిక్కు. మంచి పనిమంతుడు పోయాడన్న కోపంతో చెడుగా చెప్పేవారున్నారు, పీడ వదిలిందని మెచ్చుకునేవారూ ఉన్నారు. "మళ్ళీ వస్తానంటే పెట్టుకుంటారా?" అన్న ఒక్క ప్రశ్నకు వచ్చే జవాబు మిగతా సంభాషణ కన్నా ఎక్కువ చెబుతుంది. గుర్తింపు, చిరునామా పత్రాలు చూడటం, డబ్బు, తాళాలు అప్పగించే ఉద్యోగాలకు పోలీసు వెరిఫికేషన్ చేయించడం ఇందులో భాగాలు. ఆధార్, సర్టిఫికెట్ల ఒరిజినల్స్ తీసుకుని బీరువాలో పెట్టుకోవడం మాత్రం వాకబు కాదు, నిర్బంధం.

జీతం, అడ్వాన్సు, షరతులు

కనీస వేతనాలను రాష్ట్ర ప్రభుత్వం ఉద్యోగాల వర్గాలను బట్టి ప్రకటిస్తుంది. ధరల సూచీ ప్రకారం మారే కరువు భత్యాన్ని ఏటా ఏప్రిల్, అక్టోబరుల్లో సవరిస్తారు. నోటిమాటగా కుదుర్చుకున్న జీతం అంతకన్నా తక్కువైతే, ఉద్యోగి ఒప్పుకున్నా చెల్లదు.

హోటళ్ళు, ఇటుక బట్టీలు, నగల తయారీ, పవర్‌లూమ్‌లలో అడ్వాన్సు లేకుండా పనివారు కుదరరు. అడ్వాన్సు తీసుకుని నెల తిరక్కుండా వేరే చోటికి వెళ్ళారన్నది యజమానుల ఫిర్యాదు. బాకీ తీరేదాకా జీతం పెంచరు, పోనివ్వరు అన్నది పనివారి ఫిర్యాదు. కాగితం మీద మొత్తం, నెలకు కోత ఎంత, మానేస్తే మిగిలింది ఎలా తీర్చాలి అన్న మూడు విషయాలు రాసుకున్నచోట గొడవలు తగ్గుతాయి. రాసుకోవడమంటే నమ్మకం లేనట్టేనన్న భావన ఇరువైపులా ఉండటంతో ఆ పని తరచూ జరగదు.

మాటల్లోనే ఉండిపోయే మరికొన్ని షరతులు: వారపు సెలవు ఏ రోజు, పండగ రోజుల్లో పనిచేస్తే అదనంగా ఎంత, భోజనం జీతంలో కలిసి ఉందా, పగిలిన సామాను ఖర్చు ఎవరిది, గల్లా తగ్గితే ఎవరు పెట్టాలి. చివరి రెండిటికీ యజమాని ఇష్టం వచ్చినట్టు జీతం కోయడానికి వీల్లేదు. కోతల మీద వేతన చట్టంలో పరిమితులున్నాయి.

చట్టపరమైన బాధ్యతలు

2025 నవంబరు 21న వేతనాలు (2019), పారిశ్రామిక సంబంధాలు, సామాజిక భద్రత, వృత్తి భద్రత (2020) అనే నాలుగు కార్మిక కోడ్‌లను కేంద్రం అమల్లోకి తెచ్చింది. 29 పాత చట్టాలు వాటిలో కలిశాయి. రాష్ట్రాల దుకాణాల చట్టాలు విడిగా కొనసాగుతున్నాయి. చిన్న యజమానికి ముఖ్యమైనవి ఇవి.

ఒక్కరున్నా వర్తించేవి: కనీస వేతనం, పనిలో ప్రమాదానికి పరిహారం, 14 ఏళ్ళలోపు పిల్లలను పనిలో పెట్టుకోకూడదన్న నిషేధం (2016 సవరణ ప్రకారం 18 లోపు వారిని ప్రమాదకరమైన పనుల్లో పెట్టకూడదు), ఒకే పనికి స్త్రీపురుషులకు సమాన వేతనం. నెలజీతం మరుసటి నెల 7వ తేదీలోగా ఇవ్వాలి. ఉద్యోగి మానేసినా, మాన్పించినా రావలసిన వేతనాన్ని రెండు పనిదినాల్లో చెల్లించాలని వేతన కోడ్ చెబుతోంది. "వచ్చే నెల పదో తారీఖున వచ్చి పట్టుకెళ్ళు" అనే అలవాటు ఈ నిబంధనకు విరుద్ధం.

పదిమంది దగ్గర: ఉద్యోగుల రాజ్య బీమా (ఈఎస్ఐ), గ్రాట్యుటీ, ప్రసూతి ప్రయోజనం (2017 సవరణ తర్వాత మొదటి ఇద్దరు పిల్లలకు 26 వారాలు), లైంగిక వేధింపుల ఫిర్యాదులకు 2013 చట్టం కింద అంతర్గత కమిటీ. పదిమంది లోపు ఉన్నచోట పనిచేసే మహిళలు జిల్లా స్థాయి స్థానిక కమిటీకి ఫిర్యాదు చేయవచ్చు.

ఇరవైమంది దగ్గర: భవిష్య నిధి (పీఎఫ్), బోనస్ (కనీసం 8.33 శాతం). భవిష్య నిధి ఒకసారి వర్తించాక సంఖ్య ఇరవై కన్నా తగ్గినా ఆగదు.

ఖర్చు లెక్క ఇలా ఉంటుంది. మూలవేతనం, కరువు భత్యం కలిపి 15,000 రూపాయలున్న ఉద్యోగికి భవిష్య నిధి కింద యజమాని వాటా 12 శాతం, పరిపాలన, బీమా కలిపి మరో ఒక శాతం: మొత్తం 1,950 రూపాయలు. ఈఎస్ఐ 3.25 శాతం చొప్పున సుమారు 488. అంటే 15,000 జీతానికి యజమాని చేతి నుంచి పోయేది దాదాపు 17,440. ఉద్యోగి వాటాలు (12 శాతం, 0.75 శాతం) పోను చేతికందేది దాదాపు 13,090. ఈ తేడా వల్లే "పీఎఫ్ వద్దు, చేతికే ఇవ్వండి" అని అడిగే పనివారు, తొమ్మిదో మనిషి దగ్గర, పంతొమ్మిదో మనిషి దగ్గర ఆగిపోయే యజమానులు కనిపిస్తారు. కొందరు మిగతావారిని కాంట్రాక్టరు పేర చూపిస్తారు. తనిఖీలో బయటపడితే వెనకటి బకాయిలు వడ్డీ, జరిమానాలతో సహా కట్టవలసి వస్తుంది.

కొత్త నియామకాల భారం తగ్గించడానికి 2025 ఆగస్టు 1 నుంచి 2027 జులై 31 దాకా ప్రధానమంత్రి వికసిత్ భారత్ రోజ్‌గార్ యోజనను ప్రకటించారు. మొదటిసారి ఉద్యోగంలో చేరినవారికి రెండు విడతల్లో 15,000 రూపాయల దాకా, యజమానికి ఒక్కో అదనపు ఉద్యోగికి నెలకు 3,000 దాకా రెండేళ్ళు అందుతుంది. 50 మంది లోపు ఉన్న సంస్థ కనీసం ఇద్దరిని అదనంగా తీసుకుని ఆరునెలలు నిలబెట్టుకోవాలి. భవిష్య నిధిలో నమోదు తప్పనిసరి కాబట్టి బాగా చిన్న దుకాణాలకు ఇది అందదు.

వివక్ష, మహిళల నియామకం

సిఫారసు మీద నడిచే నియామకం యజమాని కులం, మతం, ప్రాంతం చుట్టూ తిరుగుతుంది. ప్రైవేటు నియామకాల్లో కులం ప్రాతిపదికన ఎంపికను సమగ్రంగా నిషేధించే ప్రత్యేక చట్టం దేశంలో లేదు. లింగ వివక్షపై మాత్రం 1976 సమాన వేతన చట్టం నుంచి నిషేధం ఉంది, వేతన కోడ్ దాన్ని కొనసాగించింది. బట్టల షోరూములు, మందుల దుకాణాలు, బిల్లింగ్ కౌంటర్లలో మహిళలను పెట్టుకోవడం బాగా పెరిగింది. నిలబెట్టుకోవడానికి అడ్డం వచ్చేవి మాత్రం మామూలు వసతులే. మరుగుదొడ్డి లేని కాంప్లెక్సు, రాత్రి తొమ్మిదిన్నరకు షట్టరు దించాక ఇంటికి చేరే దారి, కూర్చోవడానికి స్టూలు. కౌంటర్లో పొద్దస్తమానం నిలబడే పద్ధతికి వ్యతిరేకంగా కేరళ 2018లో, తమిళనాడు 2021లో తమ దుకాణాల చట్టాలను సవరించి కూర్చునే హక్కు కల్పించాయి.

మాన్పించడం

మనిషిని మాన్పించడం పెట్టుకున్నంత తేలిక కాదు. 1988 దుకాణాల చట్టంలోని 47వ సెక్షను ప్రకారం ఆరు నెలలు నిండిన ఉద్యోగిని సహేతుకమైన కారణం లేకుండా తీసేయకూడదు. నెల ముందు రాతపూర్వక నోటీసు, లేదా నెలజీతం ఇవ్వాలి. ఐదేళ్ళు నిండినవారికి ఏడాదికి 15 రోజుల వేతనం చొప్పున సర్వీసు పరిహారం అదనం. అన్యాయంగా తీసేశారనుకుంటే ఉద్యోగి కార్మికశాఖ అధికారి ముందు అప్పీలు చేసుకోవచ్చు. అందువల్ల మనిషి పనికొస్తారా లేదా అన్నది మొదటి ఆరు నెలల్లోనే తేల్చుకోవడం మంచిది. ఆచరణలో జరిగేది తలకిందులు. పండగ సీజను దాటనిద్దామని, చెప్పినవారు ఏమనుకుంటారోనని నాన్చి, రెండేళ్ళకు ఒకరోజు కోపంలో పొమ్మంటారు. చేతిలో నియామక పత్రం లేదు, హాజరు పట్టీ లేదు, హెచ్చరిక కాగితం లేదు. వ్యవహారం కార్మికశాఖ దాకా వెళ్తే చూపించుకోవడానికి యజమాని దగ్గర ఏమీ ఉండదు.

విదేశాల్లోని తెలుగువారి చిన్న వ్యాపారాలు

అమెరికాలో తెలుగువారు నడిపే కిరాణా దుకాణాలు, రెస్టారెంట్లు, చిన్న ఐటీ కన్సల్టింగ్ సంస్థల్లోనూ సిఫారసు దారే బలమైనది. అక్కడ చట్టం మొదట చూసేది పని చేసే అర్హత. 1986 వలస చట్టం ప్రకారం ప్రతి ఉద్యోగికి, అమెరికా పౌరులకు సైతం, ఐ-9 ఫారం నింపాలి. చేరిన మూడు పనిదినాల్లోగా పత్రాలు సరిచూడాలి. ఎఫ్-1 వీసా మీద చదువుకునే విద్యార్థికి కాలేజీ నడిచే రోజుల్లో క్యాంపస్ లోపల వారానికి 20 గంటల దాకా అనుమతి ఉంది. బయటి రెస్టారెంటులో, గ్యాస్ స్టేషన్‌లో పనిచేయాలంటే ప్రత్యేక అనుమతి కావాలి. తెలిసినవారి అబ్బాయి కదా అని నగదు ఇచ్చి పెట్టుకుంటే యజమానికి జరిమానా పడుతుంది, విద్యార్థి వీసా హోదా పోయే ప్రమాదం ఉంది. ఉద్యోగుల సంఖ్య 15కు చేరితే జాతి, మతం, లింగం, జాతీయ మూలం ప్రాతిపదికన నియామకంలో వివక్షను నిషేధించే 1964 పౌరహక్కుల చట్టంలోని ఏడో అధ్యాయం వర్తిస్తుంది. తెలుగువారికే ఉద్యోగం అన్న ప్రకటన ఆ చట్టం కింద చిక్కులు తెచ్చిపెట్టగలదు. పనికి తెలుగు మాట్లాడటం నిజంగా అవసరమైతే భాషను అర్హతగా అడగవచ్చు.